ఏ వెయ్యి మందిలో?

షాపు బల్ల దగ్గర,
సోమవారం పొద్దున

నా బంగారు తల్లికి,

నాన్న రాస్తున్నాడు. అర్థమైందా? నాన్నే రాస్తున్నాడు! మీ అమ్మకు చెప్పి రాయించింది కాదు. కలం నాది, వేళ్ళు నావి. రెండేళ్ళ తర్వాత రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. అక్షరాలు చీమలు బెదిరి పారిపోతున్నట్టున్నాయని మీ అమ్మ నా భుజం మీంచి తొంగిచూసి అంటోంది. పారిపోనీ! కదులుతున్నాయిగా!

ఆ కొత్త మాత్ర, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నాలుగు నెలలు మింగాను. మొదటి నెల ఏమీ లేదు. రెండో నెలలో పొద్దున్నే వాచే వేళ్ళు మధ్యాహ్నానికి తగ్గడం మొదలైంది. మూడో నెలలో సీసా మూత తీశాను. మొన్న శుక్రవారం చొక్కా బొత్తాలు ఏడూ నేనే పెట్టుకున్నాను తల్లీ. ఒకటి తప్పు కన్నంలో పెట్టాననుకో, అయినా నేనే పెట్టాను. కీళ్ళవాతం పట్టినప్పటి నుంచి ఆ పని మీ అమ్మదే కదా. "ఇక నాతో పనేముంది" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళి ఏడ్చింది. ముక్కు చీదిన చప్పుడు నాకు వినపడదనుకుంది.

షాపు తెరిచాను. తాళం తుప్పు పట్టి రాకపోతే నూనె పోసి తీశాను. మొదటి బేరం ఏంటో తెలుసా? బంగారం షాపు వాళ్ళ చిన్న కాటా. అందులో ఆవగింజంత మర. ఆ మరని పట్టుకుని, తిప్పి, బిగించాను! పక్క కటింగ్ షాపు ఆయన ఒకడి చెంపకు సగం నురగ పూసి, ఆ నురగ మనిషిని అలాగే వదిలేసి చూడటానికి పరిగెత్తుకొచ్చాడు. "కాటాల మేస్త్రీ మళ్ళీ లేచాడ్రోయ్" అని వీధి మధ్యలో నిలబడి కేక పెట్టాడు. నురగ మనిషి కూడా చప్పట్లు కొట్టాడు, పాపం.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చుగా అంటుంది మీ అమ్మ. ఫోనుకు వేళ్ళెందుకు, నోరుంటే చాలు. ఇకమీద నాకు ఫోను చెయ్యకు. ఉత్తరం రాస్తాను, నువ్వూ ఉత్తరమే రాయి. అంత పెద్ద బస్సు ఊరంతా తిప్పేదానివి, నాలుగు ముక్కలు రాయలేవా?

వెయ్యి ముద్దులతో,
నీ నాన్న


బస్సు డిపో,
గురువారం

నాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా కండక్టరు అక్కకు కూడా చదివి వినిపించాను. ఆమె నవ్వింది. తర్వాత నీ మాత్ర పేరేంటని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. తన సంచీలోంచి పేపరు ముక్క తీసి ఇచ్చింది. నీకూ పంపిస్తున్నాను.

"కీళ్ళ మాత్రతో గుండెపోటు ముప్పు రెట్టింపు!" చూశావా? పెద్ద అక్షరాలు. పక్కన గుండె బొమ్మ, దాని మధ్యలో పగులు. లోపల మాత్ర పేరుంది. నీదే.

నాన్నా, మానెయ్. డాక్టరుకు తర్వాత చెప్పుకుందాం. ముందు మానెయ్. చొక్కా బొత్తాలు పెట్టుకోకపోతే కొంపలేం మునగవు. నీ వేళ్ళకన్నా నాకు నువ్వు కావాలి. అమ్మకు ఈ ముక్క చూపించు, నా మాట వినకపోయినా ఆమె మాట వింటావేమో.

నా రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. బస్సులో కూర్చుని రాశాను.

నీ కూతురు


షాపు బల్ల దగ్గర,
మంగళవారం

నా పిరికి తల్లికి,

నీ పేపరు ముక్క అందింది. అది రాకముందే కటింగ్ షాపాయన నాకు అదే వార్త మైకు లేకుండా వీధికంతా చదివి వినిపించాడు. "మేస్త్రీ, నీ మాత్ర పేపర్లో పడిందయ్యా!" అన్నాడు, నా ఫోటో పడినంత సంబరంగా.

"ఏమని?" అన్నాను.

"గుండెపోటు రెట్టింపట."

"దేనికి రెట్టింపు?"

"దేనికంటే? రెట్టింపంటే రెట్టింపే! మొండిగా మాట్లాడకు."

చూడు తల్లీ, నేను ఎనిమిదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఒప్పుకుంటాను. కానీ యాభై ఏళ్ళు కాటాలు సరిచేశాను. ఖాళీ పళ్ళెంతో ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడకుండా తూసినవాడు చెప్పే బరువు నేను నమ్ముతానా? రెట్టింపు అన్నవాడు ముందు ఎంత ఉండేదో చెప్పాలి. చెప్పలేదంటే వాడు తూయలేదు, చేత్తో పట్టుకుని ఊహించాడన్నమాట. ఈ మాటే కటింగ్ షాపాయనతో అన్నాను. "నువ్వూ నీ సున్నాలూ" అని కత్తెర ఝళిపించాడు.

నేను ఊరుకుంటానా? షాపు మూసి లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ కూర్చునే అమ్మాయి మంచిది, కళ్ళద్దాలు తలమీద పెట్టుకుని వాటి కోసమే వెతుక్కుంటుంది. పేపరు ముక్క ఇచ్చి "అమ్మా, ఈ వార్త ఎక్కడ పుట్టింది? పేపరువాడు కాదు, అసలు తూసినవాడు ఏమన్నాడో నాకు కావాలి" అన్నాను. ఆ పిల్ల గంటసేపు కంప్యూటర్లో వెతికి పట్టుకుంది. డాక్టర్లు రాసిన పెద్ద రిపోర్టు. మొదటి పేజీ చదివి నాకు అర్థం చెప్పింది.

విను. పాత మందు వాడినవాళ్ళు వెయ్యి మందిలో ఏడాదికి ముగ్గురికి గుండెపోటు వచ్చింది. ఈ మాత్ర వాడినవాళ్ళు వెయ్యి మందిలో ఆరుగురికి. మూడు ఆరైతే రెట్టింపే, అబద్ధమని నేననను. కానీ మిగతా తొమ్మిది వందల తొంభై నలుగురు ఏరి? ఆ హెడ్డింగులో వాళ్ళకు చోటే లేదా? ముగ్గురు ఆరుగురయ్యారని రాస్తే ఎవడూ పేపరు కొనడని పగిలిన గుండె బొమ్మ వేశారు!

నేను మానను. రాసిపెట్టుకో. పేపరు అరిచిందని నా వేళ్ళు మళ్ళీ పిడికిలి చేసుకుని కూర్చోను. ఈ మాట కటింగ్ షాపు గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పి వచ్చాను. గడ్డం గీయించుకుంటున్న ఇద్దరు ఔనన్నారు. ఒకడి మెడ మీద కత్తి ఉంది, అందుకని అన్నాడో ఏమో తెలీదు.

ఇక అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నువ్వు బస్సులో కూర్చుని రాయలేదు. బస్సు కుదుపుకు అక్షరం పక్కకు జారుతుంది. నీ అక్షరాలు జారలేదు, కాగితంలోకి దిగిపోయాయి. వెనక్కి తిప్పి తడిమితే చేతికి తగులుతున్నాయి. కలాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నవాళ్ళు అలా నొక్కి రాయరు. పిడికిట్లో పట్టుకుని రాస్తేనే అలా వస్తుంది. నేను కలం వదిలేసే ముందు ఆరు నెలలు అలాగే రాశాను తల్లీ. ఆ రాత నాకు తెలియదా?

ఎప్పటినుంచి?

నాన్న


డిపో, ఎంక్వయిరీ కౌంటరు,
శనివారం

నాన్నా,

ఎనిమిది నెలల నుంచి.

నీకు చెప్పకూడదనుకున్నాను. అది నీ నుంచే వచ్చిందని నువ్వు కుమిలిపోతావని. ఇప్పుడు కుమిలిపోతున్నావు కదా? ఆపు. ముక్కు కూడా నీదే వచ్చింది, దానికెప్పుడైనా క్షమాపణ చెప్పావా?

డాక్టరు నాకూ ఆ మాత్రే రాశాడు. నీకన్నా ముందు నుంచే వాడుతున్నాను. బాగా పనిచేసింది. స్టీరింగు ఎప్పటిలాగే తిప్పేదాన్ని. అక్క ఆ పేపరు ముక్క ఇచ్చిన రోజు సాయంత్రం నుంచి నేనూ మానేశాను. నా డబ్బా అలమారాలో పైకి విసిరేశాను. ఎవర్నీ అడగలేదు. గుండె బొమ్మ కళ్ళముందే ఉండేది.

నాలుగో రోజున వేళ్ళు వాచాయి. నీకెలా చెప్పాలా అని అన్నాళ్ళూ ఆగి, ఆ వాచిన చేత్తోనే నిన్ను మానమని రాశాను. ఎనిమిదో రోజున మలుపు దగ్గర స్టీరింగు నా చేతిలోంచి జారింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఫుట్‌పాత్ అంచుకు టైరు రాసుకుంది, అంతే. కానీ వెనక నలభై మంది ఉన్నారు నాన్నా. నేనే వెళ్ళి మేనేజరుకు చెప్పాను. ఆయన నన్ను కౌంటరులో కూర్చోబెట్టాడు. "ఆరు వారాలు టైమిస్తున్నాను. టెస్టు డ్రైవులో పాసైతే బండి నీది, లేకపోతే ఈ కుర్చీ నీది" అన్నాడు. పదకొండేళ్ళుగా నడుపుతున్నాను. ఇప్పుడు రోజంతా "అమ్మా, పద్నాలుగో నంబరు ఎప్పుడొస్తుంది" అంటే చెప్పడమే నా పని. పద్నాలుగో నంబరు నాదే.

నీ ఉత్తరం వచ్చాక సిగ్గేసింది. ఎనిమిదో తరగతి చదివినవాడు లైబ్రరీకి వెళ్ళాడు, నేను అలమారా దాకా వెళ్ళానంతే. అందుకని ఆ రిపోర్టు నేనూ తెప్పించుకున్నాను, మొత్తం. పంతొమ్మిది పేజీలు. అర్థం కాని చోట గీతలు పెట్టుకుని మా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ముందు తిట్టాడు. తర్వాత గంట కూర్చున్నాడు.

నాన్నా, నువ్వు మొదటి పేజీ చదివించుకుని వచ్చేశావు. చిన్నప్పుడు నన్ను షాపులో కూర్చోబెట్టుకుని నువ్వేం చెప్పేవాడివి? పావుకిలో దగ్గర నిజం చెప్పే కాటా యాభై కిలోల దగ్గర అబద్ధం చెప్పొచ్చు, చిన్నరాయి పెట్టి చూసి సంతకం పెట్టొద్దు, అన్ని రాళ్ళూ పెట్టి చూడాలి అనేవాడివి. ఎంతమందిలో అని అడిగావు, బాగుంది. ఏ వెయ్యి మందిలో అని అడగలేదు.

ఆ వెయ్యి మందిలో నా వయసువాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ యాభై దాటినవాళ్ళే. పెరిగిన ఆ గుండెపోట్లు దాదాపు అన్నీ అరవై ఐదు దాటినవాళ్ళలో, అందులోనూ సిగరెట్టు తాగేవాళ్ళలో, ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో. పన్నెండో పేజీలో ఉంది. డాక్టరు నాతో అన్నాడు: "నీకు ఆ వయసు లేదు, పొగ లేదు, గుండె జబ్బు లేదు. అవి చూసుకునే ఇచ్చాను. మళ్ళీ మొదలుపెట్టు. రక్తపరీక్షలు మానకు. ఈసారి భయమేస్తే అలమారా దగ్గరికి కాదు, నా దగ్గరికి రా."

నిన్నటి నుంచి వేసుకుంటున్నాను.

ఇప్పుడు నువ్వు చెప్పు. నీకు డెబ్భై ఒకటి. నువ్వు సిగరెట్టు మానేసి పదేళ్ళయింది కదా?

కూతురు


షాపు,
బుధవారం

తల్లికి,

ఉత్తరం అందింది. నువ్వు మాత్ర మళ్ళీ మొదలుపెట్టినందుకు చాలా సంతోషం. మీ అమ్మ కులాసా. ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి. షాపులో బేరం పర్వాలేదు. టెస్టుకు భయపడకు.

నాన్న


డిపో,
సోమవారం

నాన్నా,

చొక్కా బొత్తాల గురించే అరపేజీ రాసే మనిషివి. ఎండలు బాగా ఉన్నాయా?

సిగరెట్టు సంగతి రాయి.

కూతురు


షాపు బల్ల దగ్గర,
రెండు వారాల తర్వాత, ఆదివారం

నా గడుసు తల్లికి,

రాస్తున్నాను. పూర్తిగా రాస్తాను, మధ్యలో ఆపితే మళ్ళీ ఎండల గురించి రాస్తానేమో.

ఐదారు నెలల కిందట ఆసుపత్రిలో నా ఫారం నువ్వే నింపావు, గుర్తుందా? సెలవు పెట్టి వచ్చావు. నేను కలం పట్టలేనని నా పక్కన కూర్చుని ఒక్కో గడీ చదివి అడిగి రాశావు. "పొగతాగే అలవాటు?" అన్నావు. "మానేసి పదేళ్ళయింది" అన్నాను. నువ్వు నా ముఖం కూడా చూడకుండా "లేదు" అని రాశావు. నాన్న చెప్పాడు కదా, ఇంకా చూడటమెందుకు అనుకున్నావు. అది అబద్ధం తల్లీ. ఇంట్లో మానేశాను. షాపు వెనక మానలేదు. రోజుకు ఆరు. వేళ్ళు వంగనప్పుడు కూడా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగాను. నీ చేత్తో అబద్ధం రాయించాను. డాక్టరమ్మ దాన్ని నమ్మి నాకు ఆ మాత్ర ఇచ్చింది.

నీ పన్నెండో పేజీ చదివాక నాకు గుండెపోటంటే భయం వెయ్యలేదు. డాక్టరమ్మకు తెలిస్తే మాత్ర ఆపేస్తుందని భయం వేసింది. మళ్ళీ షాపు మూయాలి. మీ అమ్మ మళ్ళీ నా ముందు నిలబడి నా మెడ దగ్గర బొత్తాం పెట్టాలి. అది తలుచుకుని నాలుగు లైన్లు రాసి ఊరుకున్నాను. పేపరువాడు సున్నా దాచాడని వీధి మధ్యలో కేకలేశాను కదా. నేను ఏకంగా రాళ్ళే దాచాను.

మీ అమ్మకు చెప్పాను. "ముప్పై ఏళ్ళ నుంచి నీ చొక్కాలు ఉతుకుతున్నాను, నాకు ముక్కు లేదనుకున్నావా?" అంది. తనకు తెలిసీ ఊరుకుందని కోపం వచ్చింది నాకు! ఎంత సిగ్గులేని కోపమో చూడు.

పోయిన మంగళవారం ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. కౌంటరులో కొత్త ఫారం అడిగాను. "పాతది ఉందిగా తాతా" అంది ఆ పిల్ల. "దానిలో తప్పుంది, ఇది నేనే నింపుతాను" అన్నాను. మెల్లగా నింపాను. ఆ గడిలో అవును అని రాశాను. నలభై ఆరేళ్ళు, రోజుకు ఆరు అని రాశాను. గడి చాలకపోతే అంచు మీద రాశాను.

డాక్టరమ్మ చదివి, చదివి, కళ్ళెత్తి చూసింది. "ముందే చెబితే మీకు ఈ మాత్ర ఇచ్చేదాన్ని కాదు" అంది.

"అందుకే చెప్పలేదేమో డాక్టరమ్మా" అన్నాను.

మీ అమ్మ నా మోకాలు గిల్లింది.

నేను అడిగాను. నీలాగే అడిగాను. "నాలాంటివాళ్ళనే ఒక వెయ్యి మందిని నిలబెడితే, నా వయసువాళ్ళు, నాలా తాగినవాళ్ళు, ఎందరు?" ఆమె కాగితం మీద గీసి చూపింది. పాత మందుతో అయితే ఏడాదికి పది మందికి, ఈ మాత్రతో అయితే దాదాపు ఇరవై మందికి. "ఇది కూడా పెద్ద అంకె కాదనొచ్చు మీరు. నిర్ణయం మీదే. కానీ గుండెకు అంత భారం లేని ఇంజెక్షను ఇంకొకటి ఉంది, వారానికి ఒకటి. పనిచెయ్యడానికి మూడు నెలలు పట్టొచ్చు. ఈలోగా వేళ్ళు కొంత బిగుసుకోవచ్చు. ఈ మాత్రంత బాగా పనిచెయ్యకపోవచ్చు కూడా. సిగరెట్టు మాత్రం ఏ మందు వాడినా మానాల్సిందే" అంది. దాచకుండా చెప్పింది. ఆమెకు దణ్ణం పెట్టాను.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఈ మాత్రతో పెరిగే ఆ పది మందిని లెక్కపెట్టాను, వేళ్ళ మీదే. మా వీధిలో నా వయసువాళ్ళు పది మంది ఎవరెవరో ముఖాలు తలుచుకున్నాను. వాళ్ళలో నేనూ ఉన్నాను. లోపలికి వెళ్ళి ఇంజెక్షను అన్నాను.

సిగరెట్టు మానేసి నేటికి పన్నెండు రోజులు. ఆసుపత్రికి వెళ్ళకముందే, మీ అమ్మకు చెప్పిన రోజే మానేశాను. రోజూ ఆరుసార్లు షాపు వెనక్కి వెళ్ళి గోడ చూసి వస్తున్నాను. కుడిచేతి రెండు వేళ్ళు ఈ ఉదయం కొంచెం మొరాయించాయి. ఈ ఉత్తరం రెండు విడతలుగా రాశాను. జాలిపడకు. జాలిపడితే నీకు ఉత్తరాలు మానేసి మీ కండక్టరు అక్కకు రాస్తాను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది, ఒకే ఒక్క ముక్క: పాసయ్యాను. నేను షాపులో ఎగిరాను తల్లీ! డెబ్భై ఒకటో ఏట రెండు కాళ్ళతో ఎగిరాను. పద్నాలుగో నంబరు మళ్ళీ నీదే! ఆ కాగితం పట్టుకుని నేరుగా కటింగ్ షాపులోకి వెళ్ళాను. ఆయనకు నేను మాత్ర మానిన సంగతి అప్పటికే తెలిసిపోయింది. మీ అమ్మే చెప్పినట్టుంది.

"ఏం మేస్త్రీ" అన్నాడు, దువ్వెన చెవి మీద పెట్టుకుని. "చివరికి మానావుగా! పేపరు చెప్పిందే నిజమైందిగా!"

"పేపరు నన్ను చూసి చెప్పలేదయ్యా. డాక్టరు చూసి, నేను ఒప్పుకుని మానాను."

"ఏదైతేనేం, ఆ మాత్ర విషమే అన్నమాట."

"నా కూతురు అదే మాత్ర వేసుకుని, వెనక నలభై మందిని కూర్చోబెట్టుకుని, ఊళ్ళో బస్సు తిప్పుతోంది."

"ఒట్టిది."

"ఒట్టిదా? ఎక్కి చూద్దువుగాని పద."

రోషగాడు, షాపుకు రెండు రోజులు సెలవని బోర్డు రాసి తగిలించాడు. నేనూ తగిలించాను. గురువారం పొద్దున దిగుతున్నాం, మీ అమ్మా, నేనూ, వాడూ. పద్నాలుగో నంబరులో నీ వెనక సీట్లు మూడు మాకు ఆపించు. కిటికీ పక్కన మీ అమ్మ కూర్చుంటుందట. ఆయన్ను మాత్రం సరిగ్గా నీ వెనకే కూర్చోబెట్టు, ప్రతి మలుపులోనూ నీ చేతులు చూడాలి వాడు.

నాన్న